దాచిన ప్రతి ఉన్నది, అయినా కంప్యూటరు లేవలేదు



ఈ శీర్షికలో ఇంటికి, సంఘమునకు పనికివచ్చు సంగతులు వ్రాయుచు వస్తున్నాము. ఈ నెల కంప్యూటరు గూర్చి వ్రాయుచున్నాము. “పొలము పనులు చేసుకొనే మాకు దానితో పనేమి?” అని పుట తిప్పివేయవద్దని మనవి. ఇప్పుడు మన పల్లెలలో కూడ డిప్లొమా చదివే పిల్లవాని దగ్గర ల్యాప్‌టాప్ ఉన్నది. పొదుపు సంఘముల లెక్కలు, సంఘ కుటుంబముల పట్టికలు, పోయిన పెద్దల ఫొటోలు అన్నియు ఆ పెట్టెలోనికే చేరుచున్నవి. ఒక ఉదయమున ఆ పెట్టె తెరుచుకొనకపోతే నష్టము ఎవరికి? దానిని ముట్టని వారికి కూడ నష్టమే. మాకు జరిగినది చెప్పెదము. ఇందులో మా తప్పు కూడ ఉన్నది, దానిని దాచము.

జరిగిన సంగతి

మా సంఘ కార్యాలయములో ఒక పాత కంప్యూటరు ఉన్నది. పట్టణములో ఉద్యోగము చేయుచున్న ఒక సోదరుడు కొత్తది కొనుక్కొని పాతది మాకిచ్చాడు. అందులో కుటుంబముల పట్టిక, కానుకల లెక్క, వాటితోపాటు సమాధి సహాయ నిధి లెక్క ఉన్నవి. ఈ నిధి చిన్నది. నెలకు ఇంటికి ఇరువది రూపాయలు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పెట్టెకు, గొయ్యి తవ్వే వారికి, వచ్చిన చుట్టములకు ఒక పూట భోజనమునకు ఆ రోజే చేతికి డబ్బు అందును. కూలికి పోయే ఇండ్లవారు వడ్డీ వ్యాపారి గుమ్మము ఎక్కకుండ పదకొండేండ్లుగా ఈ నిధి కాపాడుచున్నది. ఎవరైన ఆరు నెలలకు మించి బాకీపడితే సగము సొమ్మే ఇవ్వవలెనని వారందరు కూడి పెట్టుకొన్న నియమము. గనుక ఎవరు ఏ నెల కట్టినదియు సరిగా వ్రాసి ఉండవలెను.

ఆ లెక్క వ్రాసేది మా ట్రెజరరు అక్కగారు. ఆమె అంగన్‌వాడీ టీచరు. రెండేండ్ల క్రితము వరకు పొడుగాటి ఖాతా పుస్తకములో వ్రాసేది. “కంప్యూటరు ఉండగా రెండు చోట్ల వ్రాయడమెందుకమ్మా?” అని మేమే ఆ పుస్తకము మాన్పించాము. అప్పుడామె, “పుస్తకానికి కరెంటు అక్కర్లేదు గదండీ” అన్నది. మేము నవ్వి ఊరకున్నాము.

క్రిందటి వర్షాకాలములో కంప్యూటరు మందగించినది. ఒక కాగితము తెరుచుకొనేలోపు టీ త్రాగి రావచ్చును. లోపలినుండి టకటకమని చప్పుడు. సంఘములో డిప్లొమా చదివే అబ్బాయి చెవి పెట్టి విని, “బాబాయిగారూ, డిస్కు పోయేలా ఉంది. పూర్తిగా పోకముందే మొత్తం ఒక ఇమేజి తీసి పెడదాం. కొత్త డిస్కు తెచ్చి దానిలోకి దింపుకుందాం” అన్నాడు. ఇమేజి అనగా డిస్కులో ఉన్నదానిని ఫైళ్లు ఏరకుండ, ఉన్నదున్నట్టు తీసిన అచ్చు. అది తీసి బయటి డిస్కులో దాచాడు. పట్టణమునుండి 500 జీబీ కొత్త ఎస్‌ఎస్‌డి తెచ్చాము.

శనివారము మధ్యాహ్నము ముగ్గురము కూర్చున్నాము. ప్లగ్గు పీకి, మూత తీసి, దుమ్ము దులిపి, పాత డిస్కు తీసి కొత్తది బిగించాము. రెండు గంటలు పట్టినది. “విజయవంతముగా పూర్తయినది” అని తెర మీద వచ్చినది. ఎంతో సంతోషించాము. ఆపి మరల వేశాము. నల్లటి తెర మీద ఒకే ఒక తెల్లని వరుస కనబడినది: బూట్ అగుటకు తగిన పరికరము ఏదియు లేదని దాని అర్థము.

పాత డిస్కు తిరిగి బిగించాము. ఉదయము నడచిన ఆ డిస్కు కూడ లేవలేదు. నీలి తెర వచ్చి ఆగిపోయినది. “అయ్యో, ఇదీ పోయింది” అనుకొని ప్రక్కన పెట్టాము. అక్కడే మేము తొందరపడ్డాము. దాని సంగతి తరువాత చెప్పెదము.

ఆ రాత్రి జరుగబోయినది

పట్టణములో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు ఫోను చేశాము. “ఏముందండీ, ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసేయండి, గంట పని” అన్నాడు. అబ్బాయి విండోస్ వేసే పెన్‌డ్రైవు పెట్టాడు. ఎక్కడ వేయాలో చెప్పమని తెర మీద రెండు డిస్కులు వచ్చినవి. ఒకటి కొత్తది, రెండవది మా ఇమేజి ఉన్న బయటి డిస్కు. రెండును 500 జీబీవే. విండోస్‌లో రెండును 465 అనియే కనబడును. అబ్బాయి వ్రేలు చెరిపివేసే మీట మీద ఉన్నది.

అప్పుడు అక్కగారు, “బాబూ, ఈ రెండిటిలో మన లెక్క ఉన్నదేది?” అని అడిగింది. అబ్బాయి తెర వంక చూశాడు, మా వంక చూశాడు. చెప్పలేకపోయాడు. ఆమె ఇంకేమియు అనకుండ లేచి బయటి డిస్కు వైరు పీకి తన చేతి సంచిలో వేసుకొన్నది. ఆ రాత్రి మేము చేసిన మంచి పని అదొక్కటే. అదియు మేము చేసినది కాదు.

ఆదివారము తెల్లవారుజామున పేటలో ఒక ముసలాయన చనిపోయాడు. కొడుకు హైదరాబాదులో తాపీపని చేసుకొంటూ రాత్రి బస్సుకు వచ్చాడు. ఎనిమిది గంటలకు కార్యాలయము ముందు నిలబడ్డాడు. “నాన్న కట్టాడో లేదో నాకు తెలీదండీ. నేను ఈ ఏడాది డబ్బు సరిగా పంపలేదు” అని తల వంచుకొన్నాడు. పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. లెక్క చూపవలసిన పెట్టె చచ్చిన గొడ్డువలె పడి ఉన్నది. నియమము అందరిదిగదా, లెక్క లేకుండ పూర్తి సొమ్ము ఎట్లు ఇత్తుము? అక్కగారు, “ఇచ్చేద్దామండీ. లెక్క తేలాక తక్కువైతే నేను కట్టుకుంటాను” అన్నది. పూర్తి సొమ్ము ఇచ్చాము. అయితే ఆ కుమారుడు తల వంచుకొని నిలబడిన ఆ పావుగంట మా మనస్సునుండి పోలేదు. సోమవారము మొదలుకొని ఈ విషయము నేర్చుకొనుటకు పూనుకొన్నాము.

కంప్యూటరు ఎట్లు లేచును?

కంప్యూటరు లేచుటను బూట్ అగుట అందురు. తన బూట్ల పట్టీలు తానే పట్టుకొని లాగి తన్ను తాను లేపుకొనుట అనే ఇంగ్లీషు మాటనుండి ఆ పేరు వచ్చినది. స్విచ్చి వేసినప్పుడు విండోస్ నిద్రలోనే ఉండును. దానిని లేపుటకు ఒకరు కావలెను, ఆ ఒకరిని లేపుటకు మరియొకరు కావలెను.

మొదట మేల్కొనేది బోర్డు మీది చిన్న చిప్పులోని ప్రోగ్రాము. పాత యంత్రములలో దానికి బయాస్ అని పేరు. అది తన జాబితా చూచుకొని, “ముందు ఏ డిస్కును అడగాలి?” అని వెదకును. దొరికిన డిస్కులో మొట్టమొదటి గదిని చదువును. ఆ గదిలో 512 బైట్లు మాత్రమే పట్టును. అందులో 446 బైట్లు లేపే ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కులో ఏ భాగము ఎక్కడ మొదలైనదో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు “ఇది సరియైన గదియే” అనే గురుతుకు. దీనిని ఎంబీఆర్ అందురు. 1983లో ఐబీఎం వారి పీసీ డాస్ 2.0తో ఈ ఏర్పాటు వచ్చినది. ఆ చిన్న ప్రోగ్రాము పట్టికలో “యాక్టివ్” అని గురుతు పెట్టిన భాగమును వెదకి అక్కడున్న బూట్ మేనేజరును లేపును. బూట్ మేనేజరు తన దగ్గర ఉన్న బీసీడీ అను చిరునామా చీటీ చూచి, విండోస్ ఏ డిస్కులో, ఏ భాగములో ఉన్నదో తెలుసుకొని దానిని లేపును.

కొత్త యంత్రములలో బయాస్ బదులు యూఈఎఫ్ఐ అనునది ఉన్నది. భాగముల పట్టికకు జీపీటీ అని పేరు. ఇక్కడ యాక్టివ్ గురుతు ఉండదు. దాని బదులు ఈఎఫ్ఐ భాగమని ఫ్యాట్32 పద్ధతిలో చేసిన ఒక చిన్న గది ఉండును. లేపే ఫైలు అందులో నుండును.

కావున విండోస్ ఎంత క్షేమముగా ఉన్నను, ఈ గొలుసులో ఒక్క కొక్కెము ఊడితే అది లేవదు. లేవలేదు గనుక పోయినదని అనుకొనకూడదు. ఇల్లు మారినవారు సామానంతయు తెచ్చి లోపల పెట్టి, తలుపు పెట్టుట మరచిన యెడల సామాను పోయినట్లు కాదు గదా.

మా గొలుసు ఎక్కడ తెగినది?

మూడు చోట్ల తెగినది.

మొదటిది. ఇమేజి తీసేటప్పుడు అబ్బాయి “సి” డ్రైవుకు మాత్రమే టిక్కు పెట్టాడు. సామాన్యముగా మనకు కనబడేది అదే. అయితే మా పాత డిస్కులో విండోస్ 7 కాలమున ఏర్పడిన 100 ఎంబీ చిన్న భాగము ఒకటి ఉన్నది. దానికి అక్షరము ఉండదు, మామూలుగా కంటికి కనబడదు. బూట్ మేనేజరు, చిరునామా చీటీ రెండును అందులోనే ఉన్నవి. మేము ఇంటిని తెచ్చాము, గుమ్మమును అక్కడే వదలివచ్చాము.

రెండవది. కొత్త డిస్కులో సి భాగము చేరినది గాని, దానికి యాక్టివ్ గురుతు లేదు. మొదటి గదిలో లేపే ప్రోగ్రామును లేదు.

మూడవది మమ్మును ఎక్కువగా తిప్పలు పెట్టినది. బోర్డు మీద రూపాయి నాణెమంత గుండ్రని బ్యాటరీ ఒకటి ఉండును. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారమును, యజమాని చేసిన అమరికలను అది కాపాడును. మా బ్యాటరీ ఎప్పుడో చచ్చినది. కంప్యూటరు ఇన్వర్టరుకు కలిపి ఉన్నందున ఇంతకాలము ఆ సంగతి బయటపడలేదు. డిస్కు మార్చుటకు ప్లగ్గు పీకిన క్షణములో అమరికలన్నియు పోయి, తయారైన నాటి అమరికలు వచ్చినవి. డిస్కుతో మాటలాడే పద్ధతి ఏహెచ్‌సీఐ అని ఉండవలసినది రెయిడ్ అని మారిపోయినది. విండోస్ ఒక పద్ధతికి అలవాటుపడి ఉండగా మరియొక పద్ధతి పెడితే, లేచిన వెంటనే తన డిస్కును తానే గుర్తుపట్టలేక నీలి తెర చూపి పడిపోవును.

ఉదయము నడచిన పాత డిస్కు సాయంత్రము లేవకపోవుటకు కారణము ఇదే. అది చావలేదు. పాతదియు కొత్తదియు రెండును లేవనప్పుడు, రెండిటికి సామాన్యమైనది ఏది అని చూడవలసినది. మేము చూడలేదు. సెటప్ తెర మీద తేదీ ఎన్నో ఏండ్ల వెనుకటి జనవరి ఒకటి అని స్పష్టముగా కనబడుచుండెను. అది కూడ చూచి వదలివేశాము.

సరిచేసిన విధము

ఇట్టి పని మీ ఇంట పడితే ఈ వరుసలో చేయండి. వరుస తప్పవద్దు.

ఒకటి. ఇమేజి ఉన్న బయటి డిస్కును పీకి వేరొక గదిలో పెట్టండి. కావలసినప్పుడు మాత్రమే తేవలెను. దాని మీద కాగితము అంటించి “చెరపకూడదు” అని వ్రాయండి.

రెండు. అత్యవసరమైన లెక్కను ముందుగా బయటికి తీయండి. ఇది తెలియకనే ఆదివారము మేము తలలు పట్టుకొన్నాము. ఇమేజి తీసిన ప్రోగ్రామునే వేరొక కంప్యూటరులో వేసి, ఇమేజిని ఒక డ్రైవువలె తెరచి, కావలసిన ఫైళ్లు నకలు తీసుకొనవచ్చును. లేవని కంప్యూటరులోని డిస్కును విప్పి, యూఎస్‌బీ తొడుగుతో మరియొక కంప్యూటరుకు తగిలించియు తీసుకొనవచ్చును. కంప్యూటరు లేచుట వేరు, లెక్క దొరుకుట వేరు. రెండవదానికొరకు మొదటిదాని కొరకు కనిపెట్టనక్కరలేదు.

మూడు. స్విచ్చి వేసిన వెంటనే సెటప్‌లోనికి వెళ్లండి. డిలీట్ మీట గాని ఎఫ్2 మీట గాని పలుమార్లు నొక్కవలెను. తేదీ సరిగా ఉన్నదా చూడండి. తేదీ వెనుకకు పోయి ఉంటే ప్లగ్గు పీకి బ్యాటరీ మార్చండి. తరువాత డిస్కు జాబితాలో కనబడుచున్నదా, బూట్ వరుసలో అది ముందున్నదా చూడండి. శాటా పద్ధతి మునుపు ఏది ఉండెనో అదే ఉన్నదా చూడండి. యూఈఎఫ్ఐ పద్ధతియా, లెగసీ అను పాత పద్ధతియా అనునది కూడ అక్కడే ఉండును. ఎంబీఆర్ డిస్కుకు లెగసీ, జీపీటీ విండోస్ డిస్కుకు యూఈఎఫ్ఐ సరిపడును. సగము ఇండ్లలో పని ఇక్కడే ముగియవచ్చును గనుక దీనిని దాటిపోవద్దు.

నాలుగు. అప్పటికి లేవకపోతే విండోస్ పెన్‌డ్రైవు కావలెను. కనీసము 8 జీబీది తీసుకొని, బాగున్న కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ వారు ఉచితముగా ఇచ్చే పనిముట్టుతో తయారు చేయవచ్చును. బూట్ జాబితాలో అదే పెన్‌డ్రైవు రెండు పేర్లతో కనబడుట కద్దు. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉండును, రెండవదానికి ఉండదు. మీ డిస్కు ఏ పద్ధతిదో ఆ పేరునే ఎంచుకొనండి. “ఇన్‌స్టాల్” అను పెద్ద మీట నొక్కవద్దు. క్రింద మూలన ఉన్న “రిపేర్ యువర్ కంప్యూటర్” నొక్కి, ట్రబుల్‌షూట్‌లో “స్టార్టప్ రిపేర్” ముందు ప్రయత్నించండి. కొన్నిసార్లు అదే సరిచేయును. మాకు చేయలేదు.

అయిదు. అదే చోట “కమాండ్ ప్రాంప్ట్” తెరవండి. నల్లని పలక వచ్చును. ఆజ్ఞలన్నియు ఇంగ్లీషు అక్షరములతో టైపు చేయవలెను. “డిస్క్‌పార్ట్” అని కొట్టి, “లిస్ట్ డిస్క్” అంటే డిస్కుల పట్టిక వచ్చును. జీపీటీ అను వరుసలో చుక్క ఉంటే అది జీపీటీ డిస్కు, లేకపోతే ఎంబీఆర్. మాది ఎంబీఆర్. “సెలెక్ట్ డిస్క్ 0”, తరువాత “లిస్ట్ పార్టిషన్”, తరువాత “సెలెక్ట్ పార్టిషన్ 1”, తరువాత “యాక్టివ్” అన్నాము. అంకెలు మీ పట్టికలో ఉన్నట్లు వేయవలెను గాని మావి చూచి వేయకూడదు. “క్లీన్” అను ఆజ్ఞ ఒకటి కలదు. పేరు వినసొంపుగా ఉండును గాని, అది డిస్కులోని భాగములన్నిటిని తుడిచివేయును. దాని జోలికి పోవద్దు. “లిస్ట్ వాల్యూమ్” అని చూచి “ఎగ్జిట్” అనండి.

ఆరు. ఈ నల్లని పలకలో డ్రైవు అక్షరములు మారియుండవచ్చును. మీ సి ఇక్కడ డి అని కనబడవచ్చును. అక్షరము, దాని ప్రక్కన కోలన్ కొట్టి, “డిర్” అని అడిగితే లోపలివి చూపును. విండోస్, యూజర్స్ అను పేర్లు కనబడితే అదే మన డ్రైవు. మాకు అది సి అనియే ఉన్నది. అప్పుడు “బూట్‌రెక్” అని కొట్టి, ఖాళీ వదలి, ముందుకు వాలిన గీత పెట్టి “ఫిక్స్‌ఎంబీఆర్” అన్నాము. ఇది మొదటి గదిలో లేపే ప్రోగ్రామును మరల వ్రాయును, భాగముల పట్టికను ముట్టదు. అదే విధముగా “ఫిక్స్‌బూట్” అన్నాము.

ఏడు. ఇక గుమ్మము పెట్టవలెను. బి, సి, డి, బూట్ – కలిపి ఒకే మాటగా కొట్టి, ఖాళీ వదలి, సి, కోలన్, వెనుకకు వాలిన గీత, విండోస్. మరల ఖాళీ, ముందుకు వాలిన గీత, ఎస్, ఖాళీ, సి, కోలన్. మరల ఖాళీ, ముందుకు వాలిన గీత, ఎఫ్, ఖాళీ, బయాస్. దీని భావమేమనగా, “సి లోని విండోస్‌ను చూచి, దానిని లేపే ఫైళ్లు, కొత్త చిరునామా చీటీ, సి లోనే పాత పద్ధతిలో వ్రాయుము.” బూట్ ఫైళ్లు సృష్టింపబడినవని ఒక వరుస వచ్చినది. పెన్‌డ్రైవు తీసి మరల వేశాము.

అబ్బాయి చప్పట్లు కొట్టుటకు చేతులెత్తాడు. విండోస్ గురుతు వచ్చి, చుక్కలు గుండ్రముగా తిరిగి, నీలి తెర వచ్చినది. “ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్” అని దాని మాట. మూడవ సంగతి మేము సరిచేసినది ఇక్కడే. వరుసలో ముందు చేయవలసినది మేము చివర చేశాము. తేదీ చూచాము, బ్యాటరీ కొట్టుకు పరుగెత్తాము, మార్చాము, రెయిడ్‌ను ఏహెచ్‌సీఐకి మార్చి భద్రపరచాము. ఈసారి లేచినది.

కొత్త యంత్రములు గలవారికి

యూఈఎఫ్ఐ యంత్రమైతే యాక్టివ్ గురుతు పెట్టకూడదు. డిస్క్‌పార్ట్‌లో “లిస్ట్ వాల్యూమ్” చూచి, ఫ్యాట్32 అని ఉన్న చిన్న ఈఎఫ్ఐ భాగమును కనుగొని, దానిని ఎంచుకొని “అసైన్ లెటర్ ఎస్” అని అక్షరము ఇవ్వవలెను. తరువాత బీసీడీబూట్ ఆజ్ఞలో సి కోలన్ ఉన్న చివరి చోట ఎస్ కోలన్, బయాస్ ఉన్న చోట యూఈఎఫ్ఐ పెట్టవలెను. మన పెన్‌డ్రైవు కూడ ఫ్యాట్32గా కనబడవచ్చును గనుక పరిమాణము చూచి ఎంచండి.

తెర మీద సున్నా, ఎక్స్, సి, ఆరు సున్నాలు, చివర ఇ అని సంఖ్య వస్తే, చాలసార్లు చిరునామా చీటీ పాత డిస్కు గురుతునే పట్టుకొని వెదకుచున్నదని అర్థము. బీసీడీబూట్ కొత్త చీటీ వ్రాయును.

డిస్కుకు నకలు తీసిన తరువాత పాతదియు కొత్తదియు రెండును ఒకేసారి తగిలించి మొదటిసారి లేపవద్దు. రెండిటికి ఒకే గురుతు ఉండును. కవల పిల్లలకు ఒకే పేరు పెట్టినట్లు విండోస్ తికమకపడి ఒకదానిని ప్రక్కకు నెట్టును, లేక గురుతు మార్చును.

బిట్‌లాకర్ అను తాళము వేసిన ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. చాలమంది పిల్లలకు ఆ తాళము వేసి ఉన్నదనియే తెలియదు. వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూచి, ఆ అంకెలు నేడే కాగితము మీద వ్రాసి బీరువాలో పెట్టుడి.

ఇంకొక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మావంటి పాత యంత్రము లెక్కలు వ్రాసుకొనుటకు నడచును గాని, బ్యాంకు పనులు దానిలో చేయకుండుట మేలు.

మేము నేర్చుకొన్నది

ఇమేజి తీసేటప్పుడు కనబడే డ్రైవుకు మాత్రమే గాక, డిస్కు మొత్తమునకు టిక్కు పెట్టవలెను. అక్షరము లేని చిన్న భాగములే ఇంటికి గుమ్మములు.

దాచుకొన్న ప్రతిని తెరచి చూడనంతకాలము అది ఉన్నదని చెప్పలేము. విత్తనముల బస్తా దాచినంత మాత్రాన చాలదు, గుప్పెడు తీసి తడిగుడ్డలో మొలకెత్తించి చూచుకొనుట మన రైతులకు తెలియనిది కాదు. అట్లే మూడు నెలలకొకసారి ఇమేజిలోనుండి ఒక ఫైలు తీసి తెరచి చూచుచున్నాము.

ముఖ్యమైన లెక్కకు మూడు ప్రతులు ఉండవలెను, అవి రెండు రకముల వస్తువుల మీద ఉండవలెను, ఒకటైన వేరే ఇంట్లో ఉండవలెను. పిడుగు పడినను, దొంగ పడినను ఒకే చోట పడును. బయటి డిస్కును పని ముగిసిన వెంటనే పీకి పెట్టుచున్నాము. ఇప్పుడది అక్కగారింట బియ్యపు డబ్బా పైన గుడ్డసంచిలో ఉన్నది.

మూత విప్పకముందే సెటప్ తెరల ఫొటోలు ఫోనుతో తీసుకొనవలెను. ఒక్క ఫొటో ఉండి ఉంటే మాకు మూడు రోజులు మిగిలెడివి.

తెలియనప్పుడు చేయి ఆపవలెను. “ఫార్మాట్ చేద్దాం” అను మాట ఎవరన్నను, “మన లెక్క ఉన్నది ఏది?” అని అడుగుడి. జవాబు రానంతవరకు మీట నొక్కనీయకుడి. అడుగుటకు చదువు అక్కరలేదు. ఆ రాత్రి మా అందరిలో కంప్యూటరు తక్కువ తెలిసినది ఆ అక్కగారికే. అడుగవలసినది అడిగినది ఆమెయే.

లెక్క తెరుచుకొన్నప్పుడు

బుధవారము సాయంత్రము లెక్క తెరుచుకొన్నది. అక్కగారు ముందు ఆ ముసలాయన పేరే వెదికింది. మేము వెనుక నిలబడి చూచుచున్నాము. ఆయన బాకీ లేడు. మిరపకాయలు అమ్మిన నెలలో వచ్చి, రాబోవు మూడు నెలలకు కూడ కట్టి పోయాడు. కొడుకు పంపలేని ఏడాదిలో తన కూలి డబ్బుతోనే కట్టాడు.

అక్కగారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఫోను తీసి ఆ అబ్బాయికి చేసింది. “నాయనా, మీ నాన్న ఒక్క నెల కూడ ఆపలేదు. ముందు నెలలకు కూడ కట్టాడు. ఈ మాట నీకు చెబుదామని చేశాను” అన్నది. అవతలినుండి చాలసేపు ఏమియు వినబడలేదు. ఆ తరువాత, “మంచిదండీ” అన్నాడట.

ఆ మరుసటి ఆదివారము సంఘమంతటి యెదుట, ఖాతా పుస్తకము మాన్పించినది మా పొరపాటని ఒప్పుకొన్నాము. ట్రెజరరు అక్కగారు తన సంచిలోనుండి కొత్త పొడుగాటి పుస్తకము తీసి బల్ల మీద పెట్టింది. ఆ మధ్యాహ్నమే కొనుక్కొన్నది కాదు, అట్ట కొంచెము నలిగి ఉన్నది. విప్పి చూచితే రెండేండ్ల క్రితము మేము మాన్పించిన నాటినుండి మొదలుకొని, ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఇరువది రూపాయలు, ఇప్పుడు కంప్యూటరులో చూచి మరల ఎక్కించుచున్నది. ఇంకను ఏడు నెలలు మిగిలియున్నవట.

ప్రియ పాఠకులారా, మీ ఇంట కంప్యూటరు ఉంటే ఈ వారమే ఒక పూట దాని కొరకు కేటాయించుడి. దాచిన ప్రతిని తెరచి చూడుడి. పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “నాయనా, ఇది రేపు లేవకపోతే మనము ఏమి చేయుదుము?” అని అడుగుడి. జవాబు వాడు చెప్పగలిగితే సంతోషము. చెప్పలేకపోతే ఈ పుట చింపి కంప్యూటరు మూత క్రింద పెట్టుకొనుడి.

వచ్చే నెల మరల కలిసికొందము.